నీళ్ళు పోతే పోనీ, మట్టి పోకూడదు

(తిరుపతిలో ఒక ఆదివారం సాయంత్రం, సివిల్ ఇంజనీరింగ్ పిల్లలూ చెరువుల కింద సేద్యం చేసే రైతులూ కలిసి కూర్చున్న చోట, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసింది. మైకు పలకని ముక్కలు వదిలేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? ఆ మూల ఫ్యాను కొంచెం తగ్గించండి నాయనా, మైకులో నాకంటే అదే ఎక్కువ మాట్లాడుతోంది. (నవ్వులు)

ముందు రెండు సీసాలు పంపిస్తున్నా, చేతులు మార్చుకుంటూ చూడండి, కుదపకండి. పాత సోడా సీసాలు అవి. రెండింట్లోనూ ఒకే డ్యాం కింద పట్టిన ఊటనీళ్ళు, పదకొండు రోజుల తేడాతో పట్టాను. మా ఆవిడ ఎన్నిసార్లు పారేయబోయిందో లెక్కలేదు. మొదటి సీసా అడుగున ఏమీ లేదు. రెండోదాని అడుగున గోరు మందాన మట్టి పేరుకుని ఉంది, పైన నీళ్ళు మాత్రం తేటగానే కనిపిస్తాయి. నేను చెప్పబోయేదంతా ఆ గోరు మందం మట్టి గురించే. గ్రౌటింగ్, అంటే డ్యాం కింద రాతి పగుళ్ళలోకి సిమెంటు పాలు పంపి మూయడం, దాని గురించి మాట్లాడమని పిలిచారు, మాట్లాడతాను, కానీ ఆ మట్టి సంగతి తెలియకుండా గ్రౌటింగ్ చేస్తే సిమెంటు దండగ, ఒక్కోసారి డ్యాం కూడా దండగ.

2021 నవంబరు గుర్తుందా? తిరుపతి వీధుల్లో బండ్లు కొట్టుకుపోయిన నెల. ఆ వానల్లోనే రాయలచెరువు కట్టకు లీకు పడిందని కింద ఊళ్ళ జనాన్ని ఖాళీ చేయించారు. రామచంద్రాపురం మండలం వాళ్ళు ఉన్నారా ఇక్కడ? ఆ, చేతులు లేస్తున్నాయి. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని మనం చెప్పుకునే చెరువు, ఇసుక బస్తాలేసి కాపాడుకున్నారు. దానికి రెండు రోజుల ముందు, నవంబరు 19 తెల్లవారుజామున, కడప జిల్లాలో చెయ్యేటి మీద అన్నమయ్య డ్యాం తెగి ఊళ్ళు కొట్టుకుపోయాయి. టీవీలో రెండూ ఒకే గాటన కట్టి చూపించారు. రెండూ ఒకటి కాదు. అన్నమయ్యది పైనుంచి వచ్చిన వరద పట్టక, మట్టికట్ట మీదుగా పొర్లి తెగడం. రాయలచెరువు దగ్గర భయం వేరే, అది లోపలి నుంచి కారడం. పొర్లేది అందరికీ కనిపిస్తుంది. లోపల కారేది ఏళ్ళ తరబడి ఎవరికీ కనపడకుండా తన పని తాను చేసుకుపోతుంది.

మట్టికట్ట అన్నాక ఊట ఉంటుంది, అందులో తప్పేమీ లేదు. చెరువు కింద బావులు ఎందుకు నిండుతాయంటే కట్ట కింద నుంచి నీళ్ళు పోతాయి కాబట్టే, ఈ మాట రైతులకు నేను చెప్పాల్సిన పని లేదు. పూర్తిగా ఊట ఆపేస్తానని ఎవరైనా ఇంజనీరు చెబితే ఆయన ఇంకా చదువుకుంటున్నాడని అర్థం. మన బాధ ఊటతో కాదు, ఊట తనతోపాటు మట్టిని తీసుకుపోవడంతో. కట్ట వెనక ఎక్కడో నీళ్ళు బయటపడే చోట మొదట ఒక చిటికెడు ఇసుక లేస్తుంది, అన్నం ఉడుకుతున్నట్టు కుతకుతలాడుతుంది. ఆ చిటికెడు పోయిన చోట చిన్న గుంట. గుంట పడ్డంత మేర నీళ్ళకు దారి తగ్గింది, దారి తగ్గితే ఉరవడి పెరుగుతుంది, ఇంకో చిటికెడు పోతుంది. అట్లా కోత కింది నుంచి పైకి, చెరువు వైపు పాకుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో పైపింగ్ అంటారు, మనం బుంగ అంటాం. బుంగ చెరువు నీళ్ళను అందుకున్న రోజు ఇక ఎవరూ ఏమీ చేయలేరు.

దీని లెక్క నేర్చుకోవడానికి మన దేశమే పెద్ద బడి. గంగ మీద నరోరా ఆనకట్ట 1898లో కింద నుంచి మట్టి పోయి కూలింది. ఆ తర్వాత బ్లై అనే ఆయన, నీళ్ళు ఆనకట్ట అడుగు వెంబడి ఎంత దూరం నడిస్తే అంత అలిసిపోతాయని ఒక లెక్క కట్టాడు. మన ఇంజనీరు ఎ.ఎన్. ఖోస్లా 1936లో దాన్ని సరిచేశారు, మొత్తం ఎంత దూరం నడిచాయన్నది ఒక్కటే చాలదు, బయటపడే చోట ఎంత తోపుతో బయటపడుతున్నాయన్నది చూడాలన్నారు. ఆ తోపు, పుస్తకంలో ఎగ్జిట్ గ్రేడియంట్ అని ఉంటుంది, సుమారుగా ఒకటికి చేరితే ఇసుక బరువు మాయమైపోయి తేలిపోతుంది. సన్న ఇసుక అయితే ఆరో వంతో ఏడో వంతో దాటనివ్వకూడదు. పిల్లలూ, పరీక్షకి ఇది వస్తుంది. (నవ్వులు)

సరే, నా సంగతికి వస్తా. డ్యాం పేరు చెప్పను. మన వైపుదే, నలభై ఏళ్ళు దాటిన మట్టికట్ట, ఎత్తు పద్ధెనిమిది మీటర్లు. కట్టినప్పుడు కింద కందకం తవ్వి బంకమట్టి నింపారు, కానీ ఆ కందకం గట్టి రాయి దాకా దిగలేదు, మెత్తబడిన రాయి తగలగానే ఆపేశారు. ఆ రోజుల్లో చాలా చోట్ల అంతే. మన చిత్తూరు వైపు రాయి సంగతి మీకు తెలుసు కదా, వెయ్యి అడుగులు బోరు వేస్తే ఎనిమిది వందల దగ్గర గ్యాప్ తగిలి నీళ్ళు పడతాయి, పక్క చేలో వేస్తే దుమ్మే వస్తుంది. రాయి నీళ్ళు తాగదు, రాయిలో ఉన్న గ్యాప్ తాగుతుంది. డ్యాం కింద కూడా అదే రాయి, అవే గ్యాపులు. బోరు వేసేవాడు గ్యాప్ కోసం దేవుడికి మొక్కుకుంటాడు, డ్యాం ఇంజనీరు గ్యాప్ లేకుండా చూడమని మొక్కుకుంటాడు. తిరుమల ఘాట్ రోడ్డులో ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అని బోర్డు పెట్టి ఉంటుంది, చూశారా ఎప్పుడైనా? కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు, మధ్యలో కోట్ల ఏళ్ళ ఖాళీ. దిగి ఒకసారి ఆ అతుకు మీద చెయ్యి పెట్టి చూడండి. మట్టికట్ట రాయి మీద కూర్చున్న చోట కూడా అట్లాంటి అతుకే, మనం చేసిన అతుకు. నీళ్ళు ముందు వెతికేది దాన్నే.

ఆ డ్యాం కింద ఊటనంతా ఒక కాలువలోకి చేర్చి, చివర వి-నాచ్ పెట్టి ఉంది. ఇనుప రేకులో తొంభై డిగ్రీల గాటు, అంతే, ఊట ఎంతో కొలవడానికి దానికంటే చవకైన పరికరం లేదు. గాటులో నీళ్ళు ఐదు సెంటీమీటర్ల ఎత్తున పారుతుంటే నిమిషానికి నలభై ఆరు లీటర్లు, అంటే సుమారు మూడు బిందెలు. పది సెంటీమీటర్లయితే ఆరు బిందెలు అనుకుంటారు చాలామంది. కాదు, పదిహేడు బిందెలు. ఎత్తు రెట్టింపయితే నీళ్ళు ఐదున్నర రెట్లు దాటతాయి. అందుకే స్కేలు మీద సెంటీమీటరు తేడాని చిన్నచూపు చూడకూడదు. మా రిజిస్టరులో మూడేళ్ళు ఐదు, ఐదు, ఐదు అని రాసి ఉంది. ఐదు రాసినవాడు నాచ్ దగ్గరికి వెళ్ళి రాశాడా, టీ కొట్టు దగ్గర కూర్చుని రాశాడా అన్నది మీరే ఊహించుకోండి.

అసలు సంగతి పట్టుకున్నది నేను కాదు, మా లస్కరు, కట్టా కాలువా చూసుకునే పనివాడు. బడి చదువు లేని మనిషి. ఒకరోజు పొద్దున్నే క్వార్టరు దగ్గరికొచ్చి, "సార్, ఊట రంగు మారతాండాది, ఒకసారి రాండి" అన్నాడు. వెళ్ళి చూస్తే నాకేమీ తేడా తెలియలేదు, నీళ్ళు తేటగానే ఉన్నాయి, గాటులో ఏడు సెంటీమీటర్లుంది. అంటే నిమిషానికి ఏడు బిందెలు. రిజర్వాయరులో మట్టం పెరిగింది కదా, ఊట కూడా పెరుగుతుందిలే అన్నాను. ఆయన కాదనలేదు, "సీసాలో పట్టి పెట్టుకోండి సార్" అన్నాడు. అంతకుముందు వారం ఆయన మాట మీదే ఒక సీసా పట్టాను, అది మొదటిది. ఇది రెండోది. రాత్రంతా కిటికీలో పెట్టి పొద్దున చూస్తే అడుగున ఆ మట్టి. ఆ పొద్దున కాఫీ కూడా దిగలేదు నాకు, అంత టెన్షన్. ఒక సీసాలో గోరు మందమైతే, నిమిషానికి ఏడు బిందెల చొప్పున రోజుకి ఎంత మట్టి కట్ట కింద నుంచి వెళ్ళిపోతోందో లెక్క వేసుకుంటూ కూర్చున్నా.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి, రైతులు కూడా వినండి. కట్ట వెనక ఊట కనపడగానే అందరికీ వచ్చే ఆలోచన ఒకటే, దాన్ని మూసేద్దామని. బంకమట్టి తెచ్చి కుక్కుతారు, కాంక్రీటు పోస్తారు. వద్దు. అది కుక్కరు మీద వెయిట్‌ని చేత్తో నొక్కి పట్టుకోవడం. లోపల ఒత్తిడి పెరిగి, ఇంకో చోట, మీరు చూడని చోట బయటపడుతుంది. వెనక చేయాల్సింది నీళ్ళని పోనిచ్చి మట్టిని ఆపడం. ముందు ఇసుక, దానిమీద సన్న కంకర, దానిమీద లావు కంకర, ఆపైన రాళ్ళు. కాఫీ ఫిల్టరు లాంటిదే ఇదీ, డికాషను దిగాలి, పొడి దిగకూడదు. బుసబుస లేచే చోట చుట్టూ ఇసుక బస్తాలు బావి గట్టులా పేర్చి, లోపల నీళ్ళు కొంచెం నిలవనిస్తే ఆ నీళ్ళ బరువే ఎదురొత్తి తోపు తగ్గిస్తుంది. మేమూ ఆ రాత్రి అదే చేశాం, రిజర్వాయరు మట్టం మెల్లగా దించాం. ఒక్కసారిగా దించితే ముందువైపు తడిసిన మట్టి జారుతుంది, అది ఇంకో తలనొప్పి. మూయాల్సింది ఎప్పుడైనా నీళ్ళు లోపలికి వచ్చే వైపు. గ్రౌటింగ్ పని అక్కడ.

గ్రౌటింగ్ అంటే మీ బాత్‌రూములో టైల్సు మధ్య తెల్ల సిమెంటు పూయడం లాంటిదే, కాకపోతే టైల్సు భూమిలో ముప్పై మీటర్ల కింద ఉంటాయి, మీకు కనపడవు. కట్ట మీద నుంచి వరసగా బోర్లు వేసి, రాయిలోకి దిగి, ఒత్తిడితో సిమెంటు పాలు పంపుతారు. అది గ్యాపుల్లోకి పోయి గడ్డకట్టి ఒక తెరలా తయారవ్వాలి. ఇందులో మొదటి గండం బోరు వేయడమే. పొలాల్లో వేసేట్టు గాలి కొట్టో నీళ్ళు కొట్టో కట్టలో బోరు వేస్తే ఆ ఒత్తిడికి కట్ట మట్టే చీలిపోతుంది. మట్టిలో ఉన్నంతసేపూ నీళ్ళు లేకుండా ఆగరుతో, అంటే మరలా తిరుగుతూ దిగే బరమాతో తవ్వి, కేసింగు దింపుకుంటూ పోవాలి. రాయి తగిలాకే నీళ్ళు వాడాలి.

బోరు పడ్డాక సిమెంటు కంటే ముందు నీళ్ళు పంపి చూస్తారు. లూజియాన్ టెస్ట్ అంటారు, 1933లో ఆ పేరుగల స్విస్ జియాలజిస్టు పెట్టిన కొలత, పది బార్ల ఒత్తిడిలో మీటరు పొడవుకి నిమిషానికి ఒక లీటరు పోతే ఒక లూజియాన్. పాత కట్ట కింద పది బార్లు పెట్టే ధైర్యం చేయకూడదు, తక్కువలో చేసి లెక్క కట్టుకోవాలి. తర్వాత మిశ్రమం. మొదట పల్చగా, ఐదు పాళ్ళ నీళ్ళకు ఒక పాలు సిమెంటు, అంటే మజ్జిగ. గ్యాప్ తాగుతూనే ఉంటే చిక్కబరుస్తూ పోయి ఒకటికి ఒకటి, దోసె పిండి. మరీ పల్చగా వదిలేస్తే సిమెంటు అడుక్కి దిగి పైన ఉత్త నీళ్ళు నిలుస్తాయి, గ్యాపు సగమే పూడుతుంది. అందుకే ఇప్పుడు చాలామంది మజ్జిగ ఇష్టపడరు, కొంచెం బెంటోనైటు, అంటే ఉబ్బే రకం బంకమట్టి పొడి, కలిపి మొదటి నుంచీ చిక్కగానే పంపుతారు, నా ఓటు కూడా దానికే. ఎంత పల్చగా కలిపినా మామూలు సిమెంటు గింజకి మూడింతల వెడల్పైనా లేని గ్యాపులోకి పోదు, అంటే మిల్లీమీటరులో నాలుగో వంతో అంతకన్నా సన్నమో అయితే వేరే సన్న సిమెంటు కావాలి. ఇసుకలోకి మామూలు సిమెంటు అసలు పోదు, అది వేరే కథ, ఇప్పుడొద్దు.

బోర్లు ఒక్కసారిగా అన్నీ వేయరు. ముందు ఆరు మీటర్లకొకటి. తర్వాత వాటి మధ్య మూడుకి. అవసరమైతే ఒకటిన్నరకి. మొదటి వరస ఎక్కువ తాగుతుంది, రెండోది తక్కువ తాగాలి, మూడోది ఇంకా తక్కువ. తగ్గుతూ వస్తే తెర మూసుకుంటోందని అర్థం. తగ్గకపోతే మనం పంపేది ఎటో పోతోంది.

మా పద్నాలుగో బోరు అట్లా పోయింది. మిగతావి పది, ఇరవై బస్తాలకు మొరాయిస్తుంటే, ఇది పొద్దున్నుంచి సాయంత్రం దాకా నూట ఎనభై బస్తాలు తాగింది, ఒత్తిడి గేజీ ముల్లు సున్నా మీద నుంచి లేవలేదు. కంట్రాక్టరు మహా సంతోషంగా ఉన్నాడు. ఎందుకో తెలుసా? బిల్లు బస్తాల లెక్కన. నేను రాసిన ఎస్టిమేటే, తప్పు నాదే. బస్తాకింత అని డబ్బులిస్తే తాగే బోరు వాడికి పాడి గేదె. చీకటి పడుతుండగా కింద నుంచి ఒక రైతు లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "సార్, నా బాయిలో పాలు వస్తాండాయి!" (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఆ రోజు నాకు నవ్వు రాలేదు. టార్చి వేసి చూస్తే బావిలో నిజంగానే తెల్లటి నీళ్ళు. కట్టకి మూడు వందల గజాల దూరం. ఏళ్ళ తరబడి వెతికినా దొరకని దారి ఆయన బావి చూపించింది. వెంటనే పంపు ఆపించి, రాత్రంతా గట్టిపడనిచ్చి, మర్నాడు ఇసుక కలిపిన చిక్కటి మిశ్రమం కొంచెం కొంచెంగా, ఆపుతూ పంపాం. నలభై బస్తాలతో ముల్లు లేచింది. ఆయన బావి తోడించి ఇచ్చాం, ఆ ఏడు ఊట తగ్గిందని నన్ను తిట్టుకున్నాడు కూడా, న్యాయమే.

ఇంకో తప్పు చెప్పాలి, అది ఇంకా సిగ్గు. కట్టా రాయీ కలిసే అతుకు దగ్గర సిమెంటు పాలని దాదాపు సొంత బరువుతోనే పోనివ్వాలి, తోయకూడదు. రాయిలోకి దిగాక కూడా అడుగు లోతుకి చదరపు అంగుళానికి ఒక పౌండు అని ఒక పాత లెక్క ఉంది, మీటరు లోతుకి చదరపు సెంటీమీటరుకి పావు కేజీ అనుకోండి. నేను భోజనానికి వెళ్ళి వచ్చేలోగా పంపు దగ్గర కుర్రాడు అతుకు దగ్గరి దశలో ఐదు కేజీలకి పెంచాడు, త్వరగా అయిపోతుందని. వచ్చేసరికి కట్ట మీద ముప్పై అడుగుల పొడవున వెంట్రుకంత పగులు, అందులోంచి బూడిదరంగు నీళ్ళు చెమర్చుతున్నాయి. డ్యాంని బాగుచేయడానికి వెళ్ళి మేమే చీల్చాం. అప్పటి నుంచీ గేజీ దగ్గర నేను స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి, క్యారియరు అక్కడికే తెప్పించుకుని.

మనమొక్కళ్ళమే అనుకోకండి. అమెరికాలో టీటన్ డ్యాం కింద రాయిలో లోతుగా గ్రౌట్ తెర వేశారు, మామూలు పని కాదు. కానీ తెర పైన, మట్టి రాయిని ఆనుకునే చోట తెరుచుకున్న పగుళ్ళు సరిగా మూయలేదు, ఆ మట్టి కూడా సన్నటి ఒండ్రు. మొదటిసారి నింపుతుండగానే 1976 జూన్ 5న పొద్దున ఊట కనపడింది. బుంగ పూడ్చడానికి వెళ్ళిన రెండు బుల్‌డోజర్లు అందులో పడిపోయాయి, మధ్యాహ్నం పన్నెండు కొట్టకముందే డ్యాం తెగింది. పదకొండు మంది పోయారు. పొద్దున చూసింది మధ్యాహ్నానికి అయిపోయిందంటే, మన లస్కరు రోజుకోసారి వెళ్ళడం చాలదన్నమాట.

కెంటకీలో వుల్ఫ్ క్రీక్ డ్యాం ఉంది, సున్నపురాయి మీద కట్టారు, కింద గుహలే. 1968లో కింద బురదనీళ్ళు వచ్చాయి, నేల కుంగి గుంటలు పడ్డాయి. రెండేళ్ళు గ్రౌటింగ్ చేసి కాపాడారు. అది చాలదని 1975 నుంచి 1979 దాకా కాంక్రీటు గోడ దింపారు. మళ్ళీ నీళ్ళు గోడ చుట్టూ, కింద దారి వెతుక్కున్నాయి. 2007లో మట్టం దించి, మళ్ళీ గ్రౌటింగ్, మళ్ళీ ఇంకా లోతైన గోడ, 2013కి ముగిసింది. ఇరాక్‌లో మోసుల్ డ్యాం అయితే జిప్సం మీద ఉంది, జిప్సం నీళ్ళలో కరుగుతుంది, 1980ల నుంచీ గ్రౌటింగ్ చేస్తూనే ఉన్నారు. మన అదృష్టం, మనది గ్రానైటు, కరగదు. కానీ గ్యాపులో ఉన్న మెత్తటి మట్టి కొట్టుకుపోతుంది, సిమెంటు చేరని మూల నుంచి నీళ్ళు మళ్ళీ మొదలుపెడతాయి.

మా డ్యాంలో పని అయ్యాక నాచ్ ఏడు నుంచి నాలుగుకి పడింది. పెద్దాఫీసు నుంచి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టబోతే నేను ఆగమన్నాను. నాచ్ ఒక్కటే చూస్తే మోసపోతాం, నీళ్ళు కాలువలోకి రాకుండా ఇంకో పక్కకి పోతుండొచ్చు. పైజోమీటర్లు చూడాలి, అంటే లోపల నీళ్ళ ఒత్తిడి తెలియడానికి కట్టలో దింపిన గొట్టాలు. తెర పనిచేస్తే దాని ముందువైపు గొట్టాల్లో నీళ్ళు పైకి లేస్తాయి, వెనకవైపు గొట్టాల్లో దిగుతాయి. మాకు ఐదింటిలో నాలుగు దిగాయి. ఐదోది కదల్లేదు, ఎడమ గట్టు దగ్గరిది. అక్కడ ఇంకో వరస వేయించి, కింద ఉపశమన బావులు తవ్వించాం, ఒత్తిడి దానంతట అదే పోవడానికి. తెర మీదే నమ్మకం పెట్టుకోకండి, నీళ్ళకి మంచి దారి ఇవ్వండి. మట్టి ఇంజనీరింగులో పెద్దపేరైన అర్థర్ కాసగ్రాండే 1961లో లండన్‌లో చేసిన రాంకిన్ ఉపన్యాసం మొత్తం ఈ వాదనే, సంపాదించి చదవండి.

ప్రశ్నలా? అడగండి. మీరు పెద్దాయనా, చెప్పండి.

(ఒక రైతు: మా ఊరి చెరువు కట్టకీ వెనకాల చెమ్మ ఉంది సార్, గ్రౌటింగ్ చేయించుకోవచ్చునా?)

వద్దన్నా. మీ కట్ట ఎత్తు ఎంత, నాలుగైదు మీటర్లా? అంతేగా. దానికి సిమెంటు అక్కర్లేదు. ముందు కట్ట మీద తుమ్మ చెట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. చెట్టు కొట్టేస్తే సరిపోదు, వేరు కుళ్ళిన చోట గొట్టం మిగులుతుంది, వేరు తవ్వి తీసి పొరలు పొరలుగా మట్టి దిమ్మిసా చేయాలి. ఎండ్రకాయ బొక్కలు, పందికొక్కు బొక్కలు చూడండి. తూము పక్కన చూడండి, పాత చెరువులకి సగం బుంగలు తూము గోడ పక్కనే పడతాయి, ఇందాక చెప్పిన అతుకే అదీ. వెనకాల చెమ్మ ఉన్న చోట ఇసుక, కంకర పరవండి. ఎండాకాలంలో ముందువైపు బంకమట్టి వేయించండి. 15 మీటర్లు దాటిన డ్యాములకైతే 2021 డ్యాం భద్రత చట్టం ప్రకారం వానలకు ముందూ తర్వాతా తనిఖీ చేయాల్సిందే, మీ చెరువుకి ఆ చట్టం లేదు, చెరువు నీళ్ళు చూసుకునే మీ నీరుగట్టే ఉన్నాడు. ఆయనకో నాలుగు సీసాలు కొనివ్వండి. వారానికొకటి పట్టి, తేదీ రాసిన కాగితం అంటించి, ఇంటి కిటికీలో పెట్టమనండి.

సీసా అంటే గుర్తొచ్చింది, నావి రెండూ ఎక్కడున్నాయి? ఆ చివర వరసలోనా? మూత గట్టిగా బిగించి ఇటు పంపండి నాయనా. అయ్యో, కుదిపేశారు కదా, ఇప్పుడు రెండోది ఏదో పొద్దున దాకా ఆగితే గానీ తెలియదు.